మస్తాన్ మామ ఒప్పుకున్న హత్య

మొన్న గురువారం మా మస్తాన్ మామ నిండు కోర్టులో నిలబడి, బొంబాయిలో తాను చేయని హత్య ఒప్పుకున్నాడు! ఒప్పించింది ఎవరనుకున్నారు? నేనే. నవ్వకండి, టీ తాగుతూ మొత్తం వినండి.

గురజాలలో కోర్టు గేటుకెదురుగా నా టైపింగ్ షాపు మీరు చూసిందే. అక్కడ ఒక వకీలు గారి గుమాస్తా సుబ్బారావు బాబాయ్ ఉన్నాడు. ముప్పై ఏళ్ళు ఫైళ్ళు మోసీ మోసీ ఈ వయసులో ఆయనకి నవల రాయాలని బుద్ధి పుట్టింది. మామూలు నవల కాదంట. క్రైమంట, కోర్టంట, బొంబాయంట! ఈ మనిషి నడికుడిలో రైలెక్కి గుంటూరు దాటిన పాపాన పోలేదు.

"బాబాయ్, ఎప్పుడన్నా బొంబాయి చూశావా?" అని అడిగా.

"ఫోన్లో చూశాలేమ్మా. సముద్రం, బిల్డింగులు, ట్రాఫిక్. ఇంకేముంటది?"

ఆయన చేత్తో రాసి తెస్తాడు, నేను టైప్ చేస్తా. ఒక్కో పేజీ కొడుతుంటే నాకు ఒళ్ళు మండేది. జడ్జి గారి చేతికి సుత్తి ఇచ్చాడండీ! ఆర్డర్ ఆర్డర్ అని బల్ల మీద కొట్టుడే కొట్టుడు. రోజూ కోర్టులో ఉండే మనిషికి ఆ మాత్రం తెలీదా?

"మన కోర్టులో సుత్తి ఏడుంది బాబాయ్? సుత్తి కావాలంటే దుర్గి పో, శిల్పాలు చెక్కేవాళ్ళ దగ్గర ఉంటది."

"నవలన్నాక కాస్త సౌండ్ ఉండాలమ్మా" అన్నాడు. చానా శాంతమండీ ఆ మనిషి. అదే నాకింకా మంట.

ఇక మస్తాన్ మామ. మా వీధిలోనే ఉంటాడు, ఆటో తోలతాడు. ఒక బైకుకి ఆటో తగిలింది. ఎవరికీ ఏం కాలేదు గానీ ఆటో మాత్రం స్టేషన్లో పెట్టేశారు. చూస్తే మిరపకోతల సీజను. తెల్లారేసరికి కూలీలు రోడ్డు మీద నిలబడి ఈయన కోసం చూస్తుంటారు. "వారం నుంచి నా బండి ఎండకి ఎండుతోందమ్మాయ్. ఈ కోతలు పోతే ఇంక సంవత్సరమంతా నేను తినేదేంది?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఆటో విడిపించే పిటిషన్ వేసేది బాబాయ్ వాళ్ళ వకీలు గారే, దానికి అఫిడవిట్ కావాలి. రెండే పేజీలు. కొత్తగా ఎవరు కొడతారండీ? పాత ఫైలు తెరవటం, పేరు మార్చటం, ఊరు మార్చటం, ప్రింట్! పదిహేనేళ్ళ నుంచి నేను చేసే పద్ధతే అది.

ఆ ప్రింటుతో పాటే బాబాయ్ నవల్లో పద్దెనిమిదో చాప్టర్ కూడా బయటికొచ్చింది. హంతకుడు తన నేరం తనే ఒప్పుకునే పేజీ. చేతిలో పడ్డాక నేను ఊరుకుంటానా? పక్కన టీకొట్టు కోటమ్మ పిన్నిని పిలిచి, గొంతు మీద చెయ్యి పెట్టుకుని మరీ యాక్షన్ చేశా. "పందొమ్మిదో అంతస్తులో, సముద్రం చూస్తూ, ఆమె గొంతు నులిమింది నేనే!"

పిన్ని పడీ పడీ నవ్వింది. "ఏమే, సముద్రం చూస్తా గొంతెట్టా నులిమాడే?"

సరిగ్గా అప్పుడే రోడ్డవతల నుంచి బాబాయ్ కేక. "జడ్జి గారు బెంచి ఎక్కుతున్నారు! కాగితాలు తే!"

గబగబా చేతికందినవి దొంతి పెట్టా, బొక్క కొట్టా, ట్యాగ్ వేశా. మామ పేజీకొక సంతకం చొప్పున మూడు సంతకాలు పెట్టాడు. రెండు పేజీల అఫిడవిట్‌కి మూడు సంతకాలేందని నేను చూసుకోలా. వకీలు గారు చూడలా. రాసిన బాబాయ్ కూడా చూడకుండానే పట్టుకుపోయాడు!

పైగా మామకి నా సలహా ఒకటి. "జడ్జి గారు ఏమడిగినా అంతా నిజమేనండయ్యా అను. ఇంకో ముక్క మాట్లాడబాకు."

చూద్దామని నేనూ వెళ్ళి కోర్టు హాలు గుమ్మంలో నిలబడ్డా. జడ్జి మేడం మొదటి పేజీ తిప్పారు. రెండో పేజీ దగ్గర ఆగారు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"మస్తాన్ మీరేనా? ఇది చదివే సంతకం పెట్టారా?"

"చదివే పెట్టానండయ్యా." మేడం గారినీ అయ్యా అనే అన్నాడు, నేను చెప్పింది చెప్పినట్టు.

"బొంబాయిలో పందొమ్మిదో అంతస్తులో ఆమె గొంతు నులిమింది మీరేనా?"

మామ నా వైపు చూశాడు. వద్దు వద్దని తల అడ్డంగా ఊపా. పాపం, ఎక్కువ మాట్లాడొద్దంటున్నా అనుకున్నాడు.

"అంతా నిజమేనండయ్యా. నా ఆటో నాకిప్పించండి."

హాలంతా గొల్లుమంది. సుబ్బారావు బాబాయ్ ఎగిరిపడి లేచి, చేతులు జోడించి, "అయ్యో మేడం, ఆ హత్య నాదండీ! పద్దెనిమిదో చాప్టరండీ!" అన్నాడు.

మేడం నవ్వాపుకుని, టైప్ చేసిందెవరని అడిగారు. ముందుకెళ్ళా. రెండో పేజీకి తిట్లు తినటానికి రెడీ అయిపోయా.

"రెండో పేజీ సంగతి అర్థమైంది. మూడో పేజీ చదవమ్మా."

చదివా. "కావున నా ట్రాక్టరును నాకు ఇప్పించవలసిందిగా..." అంతకుముందు అచ్చంపేట ఆయనెవరికో కొట్టిన ఫైలది! పేరు మార్చా, ఊరు మార్చా, బండి మార్చలా.

"ఈ హత్య కనపడబట్టి ఆగి మిగతాది చదివాను. లేకపోతే ఈయనకి లేని ట్రాక్టరు వచ్చేది, ఉన్న ఆటో స్టేషన్లోనే ఉండేది. మధ్యాహ్నం లోపు సరిచేసి తీసుకురండి." మళ్ళీ పేజీ వెనక్కి తిప్పారు. "ఇదొక్కటే తప్పుల్లేకుండా ఉంది."

ఆ తప్పుల్లేని పేజీ ఎవరిదండీ? సుత్తి బాబాయ్‌ది!

సాయంత్రానికి ఆటో వచ్చేసింది. మామ ఇప్పుడు నా షాపులో ఏ కాగితమైనా రెండుసార్లు చదివి, వెనక్కి తిప్పి చూసి గానీ సంతకం పెట్టట్లా.

బాబాయ్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నిన్న పొద్దున కొత్త చాప్టర్ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళాడంతే. బొంబాయి కోర్టు ఎదురుగా ఒక టైపిస్టు శవం. ఊళ్ళో అందరినీ వెక్కిరించే నోరంట ఆమెది. ఏడ్చినవాళ్ళు ఒక్కరూ లేరంట, అనుమానితులు మాత్రం చాంతాడంత.

కూర్చుని టైప్ చేశా. పాత ఫైలేదీ తెరవలా. మూడుసార్లు చదువుకున్నా. నా చావులో ఒక్కటంటే ఒక్క తప్పు లేదండీ!