చెవిలో చెప్పిన జాగ్రత్త

తువ్వాళ్ల కోసం ఈ రోజు మరమగ్గాల షెడ్డుకు వెళ్తే చప్పుడే లేదు. పనివాళ్లు ఎనిమిది మందీ ఈ వారంలోనే దగ్గు, జ్వరంతో పడ్డారట. ఇంట్లో మా ఆవిడకు ఆయాసం కదా, నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"గింతమందికి ఒక్కపారే ఎట్ల అంటుకున్నది రాజయ్యా?" అని మేస్త్రీని అడిగాను.

"ఏమో కాకా! సాంబయ్య దగ్గుతాండు, దగ్గరికి పోకుండ్రని ఒక్కొక్కని చెవిల నేనే చెప్పిన. ఇన్నరా?"

మగ్గాల హోరులో చెవికి నోరానించి అరిస్తేనే మాట వినపడుతుంది. మా రోజుల్లో సైగలతోనే సంసారాలు నడిపాం, అదో పెద్ద కథ.

"మరి నీకు లేదా?"

మగ్గాలు ఆగినా అలవాటు ఆగలేదు. దగ్గరికొచ్చి నా చెవిలోనే అరిచాడు: "పది దినాల సంది జర గొంతు గరగర, గంతే కాకా!"

ఇది వరండాలో మంచం వేసుకుని రాస్తున్నాను. పరామర్శలు కామెంట్లలోనే చేయండి.