పటం వదిలినవాడు

ఎమ్మిగనూరులో మా వీధివాళ్లకు కైట్ బోర్డింగ్ గురించి చెప్పాలంటే ముందు సముద్రం గురించి చెప్పాలి. గదంత గాలిపటాన్ని తాళ్లతో నడుముకు తగిలించుకుని, కాళ్ల కింద పలకతో నీళ్ల మీద దూసుకుపోయే ఆట అది. మా అమ్మ మగ్గానికి కండెలు చుడుతూ అంతా విని, "పడితే?" అంది.

"ఈదుకుంటా వస్తామ్మా."

"ఎవురు పోమన్నారప్పా నిన్ను ఆడికి?"

ఆ తర్వాత ఇంట్లో ఆ ఊసు ఎత్తలేదు.

చెన్నైలో ఉద్యోగం చేసినన్నాళ్లూ సెలవు దొరికితే ఈ ఆట కోసం తమిళనాడు దక్షిణ తీరానికి వెళ్లేవాణ్ని. అక్కడే ఆదోని అతను పరిచయమయ్యాడు. పత్తి వ్యాపారుల ఇంటివాడు, నాకంటే కాస్త చిన్న. నాది ఎమ్మిగనూరు అనగానే "మన పక్కనే కదన్నా!" అని వాటేసుకున్నాడు. వానకు మొహం వాచిన నేల నుంచి ఇద్దరు వచ్చి నీళ్ల మీద కలిశారని తక్కినవాళ్లు నవ్వేవారు.

మా ఇద్దరికీ ఆట నేర్పింది అక్కడి పెద్దాయన ఒకాయన. ఒక రోజు మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి పెరిగింది. ఆయన మాత్రం పెద్ద పటమే కట్టుకున్నాడు. పటాన్ని లేపడానికి రెండోమనిషి కావాలి. అంచు పట్టుకుని నిలబడి, ఆయన బొటనవేలు పైకెత్తి చూపగానే వదలాలి. ఆ రెండోమనిషిని నేను. ఈ గాలికి ఇంత పటం వద్దన్నాను. భయముంటే ఒడ్డున కూర్చోమన్నాడు. నాకు ఒళ్లు మండింది. పటాన్ని ఇసుకలో బోర్లించి, వెనక్కి చూడకుండా మేం సామాన్లు పెట్టుకునే పాక వైపు నడిచాను.

కేకలు విని తిరిగేసరికి ఆయన గాలిలో ఉన్నాడు. పటం లాక్కుపోయి రాళ్లకట్ట మీద పడేసింది. తల మీద హెల్మెట్ ఉంది కాబట్టి బతికాడు. తుంటి విరిగింది. నేను బోర్లించిన పటాన్ని ఎత్తి వదిలింది ఆదోని అతను; ఆ చోటే రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఆ సాయంత్రం నుంచే ఆ తీరంలో ఆడేవాళ్ల వాట్సాప్ గ్రూపులో తిట్లు మొదలయ్యాయి. వదిలినవాణ్ని మళ్లీ తీరానికి రానివ్వకూడదన్నారు. కాదన్న నన్ను మెచ్చుకున్నారు. కోలుకున్నాక పెద్దాయన స్వయంగా రాశాడు, నిర్ణయం నాది, ఆ అబ్బాయిని ఏమీ అనకండి అని. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఆదోని అతను గ్రూపులోంచి వెళ్లిపోయాడు. నేనూ అతనికి ఫోన్ చేయలేదు. నాకూ కోపంగానే ఉంది.

ఆఫీసువాళ్లు ఇంటి నుంచే పని చేసుకోమన్నాక ఎమ్మిగనూరు వచ్చేశాను. పగలంతా ల్యాప్‌టాప్, పక్కగదిలో మగ్గం చప్పుడు. సాయంత్రం మిద్దెక్కితే పడమటి గాలి చొక్కాను ఎగరేసేది. ఎంత గాలి ఉందో, దానికి ఏ పటం సరిపోతుందో మనసు దానంతటదే లెక్క కట్టేది. ఆ సంగతి చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేడు. అతనూ ఆదోని వచ్చేశాడని తెలిసి, ఉండబట్టలేక బస్సెక్కాను.

మార్కెట్ యార్డులో పత్తి కుక్కిన బోరేల మధ్య దొరికాడు. బాగా చిక్కిపోయాడు.

"రాన్నా" అన్నాడు, నవ్వకుండా.

మంచిగా మాట్లాడాలనే వెళ్లాను. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు. "గాలి సూసి కూడా యాల వదిలినావప్పా?"

"నేర్పినాయప్పే ఏలు సూపిస్తే కాదని ఎట్లంటానన్నా?"

"నేననలేదా?"

"అన్నావు. అని యాటికి పోయినావు? ఆడనే నిలబడింటే నేను పటం పట్టుకుంటాంటినా? నీకు కోపమొచ్చింది, పోయినావు. మంచోడైపోయినావు."

"నీ చేతులకి నేను కావలుండల్నా?" అని అరిచాను.

అటుగా మూట మోసుకుపోతున్న హమాలీ ఆగాడు. "ఏందన్నా, తూకం కాడ తకరారా?"

ఇద్దరం అతని వైపు చూశాం. ఏమని చెప్పాలి? మా గొడవ అర్థమయ్యే మనుషులు ఈ చుట్టుపక్కల ఇద్దరమే ఉన్నాం. ఆ ఇద్దరమే కొట్లాడుకుంటున్నాం.

"ఏంల్యా, నువ్వు పోప్పా" అన్నాడు ఆదోని అతను.

టీ తెప్పించాడు. "పటం సేతిలోంచి జారింది ఇంకా తెలుస్తాంటాదన్నా. బోరే ఎత్తినా, తలుపు తీసినా అదే" అన్నాడు. నీ తప్పు లేదని నేను అనలేదు. ఆ రోజు నేను అక్కడే ఉండిపోవాల్సిందని కూడా అనలేదు. బస్టాండు దాకా వచ్చి, బస్సు కదిలేదాకా కిటికీ పక్కనే నిలబడ్డాడు.

పోయిన వేసవిలో ఒక్కణ్నే ఆ తీరానికి వెళ్లాను. పెద్దాయన కర్ర ఊతతో తిరుగుతున్నాడు. వచ్చే ఏడు మళ్లీ నీళ్లలోకి దిగుతానన్నాడు. నేను వద్దనలేదు. నా పటాన్ని ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి పట్టుకున్నాడు. బొటనవేలు ఎత్తేముందు అతని చేతుల వంకే చాలాసేపు చూశాను.

ఒడ్డుకొచ్చాక ఆదోనికి ఫోన్ చేశాను.

"గాలెట్లుందన్నా?" అన్నాడు.

చెప్పాను. ఏ దిక్కు నుంచి వస్తోందో, నీళ్లు ఏ రంగులో ఉన్నాయో అన్నీ చెప్పాను. అటువైపు లారీ హారన్ వినిపించింది. "బేరమొచ్చింది, ఉంటాన్నా" అని పెట్టేశాడు.

ఫోన్ చేతిలో పట్టుకుని తడి ఇసుకలో కూర్చున్నాను.