సర్వీసెంత మిగిలింది?

బచేలీ టౌన్‌షిప్‌లో కుక్కపిల్ల కావాలంటే చిన్నమ్మి గారి క్వార్టర్‌కి వెళ్ళాలి. వెళ్ళిన వాళ్ళకి ఆవిడ కుర్చీ వేస్తారు, మంచినీళ్ళిస్తారు, ఆ తర్వాత ఎవరినైనా ఒకటే అడుగుతారు.

"మీ ఆయనకి సర్వీసెంత మిగిలిందమ్మా?"

కొత్తవాళ్ళు ఆ ప్రశ్నకి తెల్లబోతారు. పాతవాళ్ళకి తెలుసు. ఇది కొండ మీది ఇనప గని కోసం కట్టిన ఊరు. ఇక్కడ ఇల్లు ఎవరిదీ కాదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే క్వార్టరు. రిటైరైన నెలకో రెండు నెలలకో లారీ వస్తుంది. బీరువా, ఫ్రిజ్, నీళ్ళ డ్రమ్ములు, చివరికి బట్టలారేసే తీగ కూడా చుట్టచుట్టి లారీ ఎక్కిస్తారు. శ్రీకాకుళమో విజయనగరమో వెళ్ళిపోతారు. కుక్క మాత్రం అరుగు మీద ఉండిపోతుంది.

చిన్నమ్మి గారి పక్క క్వార్టర్లో అలాగే జరిగిందట. జూలీ అనే లాబ్రడార్‌ని వదిలేసి వెళ్ళారు. కొత్తగా దిగినవాళ్ళు తరిమితే వీధి చివరికి పోయి, వాళ్ళు తలుపు వేసుకోగానే మళ్ళీ వచ్చి అదే అరుగు మీద కూర్చునేది. వర్షాకాలమంతా అలా కూర్చుంది. చివరికి చిన్నమ్మి గారి భర్త వెంకన్న గారు దాన్ని ఎత్తుకుని తెచ్చేశారు. ఆయన డంపర్ ఆపరేటరు. కొండ మీంచి దిగేసరికి ఒళ్ళంతా ఎర్రదుమ్ము. జూలీ ఆ దుమ్ము నాకుతూ ఉండేదని ఆవిడ చెప్పేవారు. దానికీ, పల్లెల నుంచి సంతకి వచ్చేవాళ్ళ వెంట తిరిగే ఒక వేటకుక్కకీ పుట్టిన సంతతే వీళ్ళ కుక్కలన్నీ. ఆ వరసలో జూలీ మనవరాలు రాగి. గని మట్టి రంగు, నుదుటి మీద తెల్లటి మచ్చ.

చిన్నమ్మి గారు కుక్కపిల్లల్ని అమ్మినా, ఎవరికి అమ్మాలో మాత్రం తానే తేల్చేవారు. ఒకసారి నేనక్కడ ఉండగానే ఒకావిడ వచ్చారు. భర్తకి ఇంకా అయిదేళ్ళే ఉంది.

"కుక్కకి పన్నెండేళ్ళు ఆయుస్సమ్మా. మీకు అయిదేళ్ళు. మిగతా ఏడేళ్ళూ ఆ నోరులేనిది ఏటైపోవాల?"

"మాతోపాటు ఊరు తీసుకెళ్ళమా ఏంటి, పిన్నిగారూ?"

"అందరూ అలగే అంటారు. లారీలో ఇస్తరి పెట్టెకి జాగా ఉంటాది. కుక్కకుండదు."

"అబ్బో, పిల్లనిచ్చి పెళ్ళి చేస్తున్నట్టే మాట్లాడుతున్నారు!"

"పిల్లైతే బాగోపోతే పుట్టింటికి తిరిగొస్తాది. ఇది రాలేదు గదా" అన్నారు చిన్నమ్మి గారు. వచ్చినావిడ నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయింది.

దంతెవాడ నుంచి జీపులో వచ్చిన కాంట్రాక్టరు ఒకాయన, గేటు దగ్గర కట్టేస్తానని నోరు జారి ఒట్టి చేతులతో వెళ్ళాడు. ఆరోజే క్వార్టర్లలో గిన్నెలు తోమే జోగేకి ఒక పిల్లని ఊరికే ఇచ్చారు. జోగేది ఆవపల్లి వైపు అడవి పల్లె. ఇక్కడ అక్క ఇంట్లో ఉండి పని చేసుకుంటోంది; పిల్లని ఊళ్ళో తనవాళ్ళింటికి చేర్చింది.

ఇచ్చేటప్పుడు తల్లి పడుకున్న గోనెసంచి ముక్క ఒకటి కత్తిరించి పిల్లతో పంపేవారు. "దీని వాసనకి నిద్దరోతాది. వాసన పోయేసరికి మీదైపోద్ది" అనేవారు. ఏడాది దాకా ఆ ఇంటి గుమ్మం తొక్కేవారు కాదు. ఆ వీధిలోంచి వెళ్ళాల్సి వచ్చినా చుట్టూ తిరిగి వెళ్ళేవారు. తనని చూస్తే పిల్ల ఆ ఇంట్లో కుదురుకోదని.

మేం కూడా అడిగాం. మా ఆయన అరుణ్ ల్యాబ్‌లో కెమిస్టు, రిటైరవడానికి పాతికేళ్ళ పైమాటే. ఆ ఒక్క ప్రశ్నలో మాకు నూటికి నూరు వచ్చేస్తాయనుకున్నాను. మా ఉదయశ్రీకి నాలుగేళ్ళు. బళ్ళో ఎవరితోనూ మాట్లాడదు. కొత్తవాళ్ళొస్తే మంచం కింద దూరుతుంది. కుక్కపిల్ల ఉంటే మారుతుందేమోనని మా ఆశ. నేను మైక్రోబయాలజీ చదివాను. ఒక్కోసారి ఆ చదువు నిద్ర పోనివ్వదు. రేబిస్ టీకాలు, నులిపురుగులు, గోమార్లు, అన్నీ అడిగాను. చిన్నమ్మి గారు ఓపిగ్గా జవాబిచ్చి, మర్నాడు ఒక పిల్లని చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చారు.

దాన్ని హాల్లో వదిలారు. అది ఉదయ దగ్గరికి పోయి పాప వేలు నోట పెట్టుకుంది. ఉదయ నవ్వింది. నేను సబ్బు తీసుకొచ్చి పాప చేతులు కడిగాను. అది మళ్ళీ పాప దగ్గరికి పోయింది. నేను మళ్ళీ కడిగాను.

చిన్నమ్మి గారు పిల్లని ఒళ్ళోకి తీసుకున్నారు. "ఇప్పుడొద్దులే, కల్యాణమ్మా."

"ఏం పిన్నిగారూ? సర్వీసు ఉంది కదా?"

"సర్వీసుంది. కానీ అది పాపని ముట్టుకున్నప్పుడల్లా నువ్వు ఊపిరి బిగబడతన్నావు. పసి కుక్కపిల్ల కదా, ఈ ఇంట్లో ఏదో భయం ఉందనుకుంటాది. నీ భయం పాప నేర్చుకుంది, ఇదీ నేర్చుకుంటాది."

నాకు చాలా కోపం వచ్చింది. ఒక్క పూట చూసి నా బిడ్డ ఎందుకలా ఉందో తేల్చేశారని. పాప పుట్టినప్పుడు పదిరోజులు గాజు పెట్టెలో ఉందని ఆవిడకేం తెలుసు? ఆ తర్వాత కొన్ని నెలలు ఆవిడ ఎదురైతే తలూపి తప్పుకునేదాన్ని.

ఆ ఎండాకాలం వెంకన్న గారు పోయారు. డ్యూటీకి వెళ్ళడానికి బూట్లు వేసుకుంటూ అరుగు మీదే ఒరిగిపోయారు. గుండె. డాక్టరు వచ్చేసరికి ఏమీ మిగల్లేదు. రాగి ఆయన ఇంకా వేసుకోని రెండో బూటు పక్కన పడుకుని ఉంది, ఎవర్నీ దాన్ని తియ్యనివ్వలేదు.

రాగిని ఉంచుకున్నప్పుడు చిన్నమ్మి గారు ఆ లెక్కే వేసుకున్నారు. వెంకన్న గారికి సర్వీసు పదమూడేళ్ళుంది, కుక్కకి పన్నెండు. పైగా ఒక ఏడాది చేతిలో ఉంటుంది. తాము ఊరెళ్ళేసరికి రాగి తన ఆయుస్సు తాను గడిపి, పెరట్లో జామచెట్టు కింద ఉంటుందనుకున్నారు. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. మనిషి డ్యూటీ మధ్యలో పోతాడన్నది ఆ లెక్కలో లేదు. రాగికి ఇప్పుడు ఏడేళ్ళు. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. గాజువాకలో కూతురిది అద్దె ఇల్లు. ఓనరు కుక్కలొద్దన్నాడు.

రాగి ఆఖరి ఈత పిల్లల్ని అందరూ వచ్చి పట్టుకెళ్ళారు. ఏడేళ్ళ రాగిని ఎవరూ అడగలేదు. చిన్నమ్మి గారే ఇల్లిల్లూ తిరిగారు. అయినా తన పద్ధతి మానలేదు. ఒక ఇంట్లో సరేనన్నారు గానీ ఆ ఇంటాయన తాగొచ్చి గిన్నెలు విసురుతాడని వద్దనుకున్నారు. ఇంకో ఇంట్లో వేసవి సెలవులకి నెల్లాళ్ళు తాళం వేసి వెళ్తారని మానుకున్నారు.

ఒకరోజు కంపెనీ సహకార దుకాణంలో సరుకుల వరసలో ఆవిడ నా ముందున్నారు. అప్పట్లో నీళ్ళు తాగకుండా వెళ్ళిపోయినావిడ పక్క వరసలోంచి పిలిచింది.

"ఏం పిన్నిగారూ, రాగికి సంబంధం కుదిరిందా?"

"లేదమ్మా. సూస్తన్నాను."

"ఇంతకీ ఇప్పుడు మీకెంత సర్వీసు మిగిలిందండీ?"

వరసలో ఎవరో కిసుక్కున నవ్వి ఆపేశారు. చిన్నమ్మి గారు చేతిలో ఉన్న కందిపప్పు పొట్లాన్ని సంచిలో పెట్టుకుని, ఆవిడ వైపు తిరిగి మామూలుగానే చెప్పారు.

"అయిపోయిందమ్మా. ఈ నెలాఖరు దాకే."

ఆ తర్వాత రెండు రోజులకి పొద్దున్నే మా గేటు చప్పుడైంది. చిన్నమ్మి గారు, రాగి, వెనకాల జోగే. ఆవిడ లోపలికి రాలేదు. అరుగు మెట్టు మీద కూర్చున్నారు.

జోగేనే మొదలుపెట్టింది. "నేను మా ఊరు తీస్కపోతా అంటన్న, పిన్నికి మనసొస్తలేదు."

"మీ ఊళ్ళో కుక్కలు ఎలగ బతుకుతాయో నువ్వే సెప్పావు గదే."

"అవ్, చిరుత వస్తది. పోయినేడు మా దాన్ని ఎత్తుకపాయె. నువ్వు ఇచ్చిన పిల్లనే." జోగే ఆ మాట అని తల దించుకుంది. "మా కుక్కలైతే చెట్టు మీద పిట్ట కూసినా దాంకుంటయ్. ఇది ఏందంటే, చిరుతొచ్చినా తోక ఊపుతది."

చిన్నమ్మి గారికి ఆ పిల్ల సంగతి అప్పటిదాకా తెలిసినట్టు లేదు. చాలాసేపు రాగి చెవి వెనక గోకుతూ ఉండిపోయారు. అందరికంటే నమ్మి, ఊరికే ఇచ్చిన ఇల్లది.

ఈలోపు ఉదయ తలుపు చాటునుంచి వచ్చింది. రాగి ముందు గొంతుక్కూర్చుంది. రాగి లేవలేదు. ముందు కాళ్ళు చాపి, గడ్డం నేలకి ఆనించి, కళ్ళు మాత్రం పైకెత్తి చూసింది. ఉదయ దాని నుదుటి తెల్ల మచ్చ మీద అరచెయ్యి పెట్టింది. చిన్నమ్మి గారు వాళ్ళిద్దర్నీ చూడటం లేదు. నన్ను చూస్తున్నారు.

"ఊపిరి తియ్యమ్మా" అన్నారు.

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

"పిల్లైతే మీ ఇంటికి సరిపడదన్నాను. ఇది అన్నీ సూసేసింది. నీ భయం దీనికేటీ సెయ్యదు" అన్నారు. మళ్ళీ అలవాటుగా, "అరుణ్ బాబుకి సర్వీసెంత..." అని మధ్యలో ఆగిపోయారు. ఇద్దరం ఎదురుగా రోడ్డు మీద పోతున్న కంపెనీ బస్సుని చూస్తూ కూర్చున్నాం. కిటికీల నిండా షిఫ్టు దిగిన మనుషులు.

రాగిని మాకు అప్పగించిన రోజు ఆవిడ గోనెసంచి తేలేదు. జోగే నొచ్చుకుంది. "నీ చీర ముక్కన్నా ఇయ్యి పిన్నీ, వాసన జూస్కుంటది."

"పసిది కాదే. పసిదానికి వాసన ఆసరా. దీనికి నా వాసన తగిల్తే, నానొస్తానని కాసుకుని కూకుంటాది." రాగి తినే సత్తు గిన్నె కూడా తిరిగి పట్టుకుపోయారు. కొత్త గిన్నె కొనమన్నారు. వెళ్ళేటప్పుడు వెనక్కి తిరగలేదు. విశాఖ పాసింజరు ఎక్కే రోజు స్టేషనుకి మమ్మల్ని రావద్దన్నారు, మా ఒంటి మీద రాగి బొచ్చుంటుంది, అది చూస్తే రైలెక్కలేనని.

అంత జాగ్రత్త పడ్డా, ఆవిడ దేనికి భయపడ్డారో అదే జరిగింది. రాగి గేటు దూకి, మా వీధి చివరనే ఉన్న పాత క్వార్టరు అరుగు మీద కూర్చుంది. అక్కడ కొత్తగా దిగింది జగదల్‌పూర్ వైపు అబ్బాయి, ముకేష్. మంచివాడు, తరమలేదు. "దీదీ, ఆప్‌కా కుత్తా ఫిర్ ఆ గయా" అని, మీ కుక్క మళ్ళీ వచ్చిందంటూ ఫోన్ చేసేవాడు. నేనూ ఉదయా అన్నం గిన్నె పట్టుకుని వెళ్ళేవాళ్ళం. రాగి తినేది కాదు. రమ్మంటే వచ్చేది, మర్నాడు మళ్ళీ అక్కడే. వానలు మొదలయ్యాయి. ఎర్రనీళ్ళు కాలువల్లో పరుగెత్తుతుంటే ఆ అరుగు మీద తడుస్తూ కూర్చున్న దాన్ని చూసి, చిన్నమ్మి గారు చెప్పిన జూలీ ఇలాగే ఉండేదేమో అనుకునేదాన్ని.

ఒకరోజు నాకు జ్వరంగా ఉండి వెళ్ళలేకపోయాను. ముకేష్ ఫోన్ చేశాడు. ఉదయ నా పక్క మంచం దిగి, గొడుగు తెరుచుకుని, గేటు దగ్గర నిలబడి గట్టిగా పిలిచింది. "రాగీ! దా! అమ్మకి బాలేదు!"

నా కూతురి గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు. వీధి చివరినుంచి రాగి నడుచుకుంటూ వచ్చింది. నా మంచం కింద పడుకుంది. ఆ సాయంత్రం కొత్త గిన్నెలో అన్నం తింది.

చిన్నమ్మి గారికి ఫోన్ చేసి చెప్పాను.

"తింటందా?"

"ఇప్పుడు కూడా తింటోంది పిన్నిగారూ. వీడియో పెట్టనా?"

"వద్దు. నన్ను సూస్తే పాడవుద్ది. ఫోను గిన్నె దగ్గిర పెట్టు. నాను మాటాడను."

పెట్టాను. రాగి తింటోంది. గిన్నె నేల మీద జరుగుతున్న చప్పుడు, నాలుక చప్పుడు. అవతలినుంచి ఏమీ లేదు, దూరంగా బస్సు హారన్ తప్ప. ఉదయ నోటి మీద వేలేసుకుని కూర్చుంది. అంతలో ఫోన్లోంచి చిన్నగా ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. అంతే. రాగి తినడం ఆపింది. చెవులు నిలబెట్టి ఫోనుని చూసింది, తర్వాత గేటు వైపు చూసింది. వెంటనే ఫోను కట్ అయిపోయింది.

రాగి ఆ పూట మిగతా అన్నం ముట్టలేదు. ఆ సంగతి నేను ఆవిడకి చెప్పలేదు. కానీ ఆవిడకి తెలిసినట్టుంది. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా, నేను హలో అన్నాక కాసేపు పలకరు. తర్వాత గొంతు బాగా తగ్గించి మొదట ఒకటే అడుగుతారు.

"అది బయటుందా, అమ్మా?"

బయటుందంటేనే మాట్లాడతారు.