బొట్టు లేని పట్టకారు

1981 సెప్టెంబరు పదిహేడు, గురువారం, ఉదయం పదిన్నర. నాన్న కారు బానెట్ లోపల మేకుతో గీసిన ఆ తేదీని, లేటుగా చదువు నేర్చాక నేనే చదువుకున్నాను.

ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ పెరట్లో రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు ఉండేది. వర్క్‌షాపు ఫిట్టరైన నాన్న మూడేళ్ళుగా దాన్ని బాగుచేస్తూ, చిరిగిన సీట్లకు రైలు బెర్తు రెక్సిను కుట్టించాడు.

"విశ్వకర్మ పూజనాటికి కదలకపోతే పాతినుము కొనే కబాడీవోడికి ఇచ్చేత్తాను," అని అమ్మ తెగేసి చెప్పింది.

ఆ రోజు తెల్లారగానే, "ఏటీ పెట్రోలు కంపు?" అని అమ్మ సణిగి, పూజకు కూర్చుంది.

పూజయ్యాక నాన్న చూస్తే పెట్రోలు గొట్టం నట్టు దగ్గర కారుతోంది. కాస్త బిగిస్తే చాలు. కానీ స్పానర్లన్నీ బొట్లు పెట్టించుకుని దేవుడి ముందున్నాయి. పూజనాడు పనిముట్టు ముట్టకూడదు.

పక్కింటి బెంగాలీ ఘోష్ దాదా నవ్వాడు. "కీ హోలో, ఏమైంది మిస్త్రీ? గాడీకి కూడా ఛుట్టీనా?"

నేను వంటింట్లోకి పరిగెత్తి పట్టకారు తెచ్చాను. "నాన్నా, దీనికి బొట్టు నేదు. ఇది పనిముట్టు కాదు!"

"ఓలమ్మా, నీది బుర్రే!" అంటూ నాన్న దాంతోనే నట్టు బిగించాడు. కారు దడదడలాడుతూ గేటు దాటింది.

ఆ తెలివి నాదేనని చాలా ఏళ్ళు గొప్పలు చెప్పుకున్నాను. మొన్న అదే పట్టకారు తోముతుంటే వెలిగింది. అమ్మ ఏటా కత్తిపీటతోపాటు పట్టకారుకూ బొట్టు పెట్టేది. పెట్రోలు కంపు తగిలిన ఆ ఒక్క ఏడే పెట్టలేదు. మరిచిపోయే మనిషి కాదు.

ఆ రోజు అక్కడున్నది నాన్న, ఘోష్ దాదా, నేను, వంటింటి గుమ్మంలో అమ్మ.