బతికుండగానే నాటిన రాయి

మొన్న డాక్ బంగళా గుమాస్తా గొడుగు చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. చలికాలంలో ఎవరో పెద్ద అతిథులు ఇంద్రావతి లోయ చూడడానికి వస్తున్నారట, చూడదగ్గ చోట్లన్నీ వరసగా చెప్పమన్నాడు. అబద్ధాలలో ఈ పరగణాలో నన్ను మించినవాడు లేడని ఆయనకు తెలుసు. అయినా నది పొడుగునా నడిచినవాణ్ణి నేనే కాబట్టి ఆయనకు తప్పలేదు. చిత్రకూటం దగ్గర నది విల్లులా వంగి దూకే చోటు రాయించాను. బారసూరు గుళ్ళు రాయించాను, అక్కడి పెద్ద వినాయకుడి బొజ్జ కింద వానకు నలుగురం తడవకుండా నిలబడ్డామని కూడా చేర్చాను. అడవి బర్రెలు నీళ్ళకు దిగే రేవులు, రిజర్వు అడవిలో పులి పట్టపగలే ఆవులించే గుట్ట, నది గోదావరిలో కలిసే ఇసుకతిన్నె, అన్నీ అయ్యాయి. చివరికి ఆయన కలం ఎత్తి, మీ ఊరి బయట నిలువు రాళ్ళున్నాయి కదా, అవి ఏ కాలానివి అని అడిగాడు. పాండవుల కాలానివన్నాను తడుముకోకుండా. ఆయన రాసుకున్నాడు. ఆ రాళ్ళలో ఒకటి మా పెద్దమ్మది. దాన్ని మోసినవాళ్ళలో నేనొకణ్ణి. నాకప్పుడు ఇరవై ఏళ్ళు.

మా వైపు మనిషి పోతే ఆ పేరున ఊరి బయట రాయి నిలబెడతారు. వాగులో మంచి రాయి చూసి, వాసాలకు తాళ్ళతో కట్టి, డోళ్ళు వాయిస్తూ మోసుకొస్తారు. రాయి కదలకపోతే బరువెక్కువని ఎవరూ అనరు, పోయినవాళ్ళకు ఇంకా రావాలని లేదంటారు. అప్పుడు దగ్గరి చుట్టం ఒకడు రాయి ముందు కూర్చుని, వస్తావా అని అడిగి బతిమాలాలి. తర్వాత విందు. ఆ విందులో ముద్ద ముట్టినవాడు చావుకు సాక్షి. ఆ మనిషి చావలేదని అనడానికి ఇక వాడికి నోరుండదు. మా పెద్దమ్మ, అంటే మా అమ్మ అక్క, తన పెనిమిటికి, ఇద్దరు మరుదులకు అలాగే రాళ్ళు నాటించింది. పిల్లలు లేరు. ఆమెకున్నదల్లా ఒక గుడిసె, దాని ముందు ఇప్పచెట్టు, ఎవరినైనా ఆగి వినేలా చేసే నోరు.

నాకు ఇరవై ఏళ్ళున్న ఆ ఏడు మా ఒడ్డంతా సర్కారు రిజర్వు అడవి అయింది. అడవి మీద అధికారి, జంగ్లాత్ దరోగా అనేవాళ్ళం, సున్నం కొట్టిన హద్దు దిమ్మెలు కట్టించి, ఊరి మధ్య బల్ల వేయించుకుని హుకుం చదివాడు. ఆయన హిందీని తెలుగు చేసేవాణ్ణి నేను. ముప్ఫై గుడిసెలవాళ్ళూ పశువులతో సహా హోలీలోగా నది అవతలికి వెళ్ళిపోవాలి. పాత రాళ్ళను మాత్రం ఎవరూ ముట్టకూడదు, వేటకొచ్చే దొరలు చూస్తారు. మగవాళ్ళంతా నేలచూపులు చూస్తున్నారు. పెద్దమ్మ పొగాకు నములుతూ వింది.

"అంటే, సచ్చినోళ్ళు ఉండొచ్చు, బతికినోళ్ళు పోవాలె. గంతేనా? అడుగు."

అడిగాను. దరోగా అంతేనన్నట్టు తలూపాడు.

"ఇగ మంచిది," అని ఆమె లేచి నా వైపు తిరిగింది. "రేపు పొద్దుగాల నాకో రాయి సూడురా. వంకరది తేకు, మీ పెద్దయ్య నవ్వుతడు."

ఊరి పూజారి వరసకు ఆమెకు మరిది. అడ్డుపడ్డాడు. "బతికున్న మనిషికి రాయేంది వదినా? దేవుళ్ళు ఒప్పుకుంటరా?"

"ఆ దేవుళ్ళను ఎటు తోలుతున్నరో గది అడిగినవా?"

మర్నాడు డోలు భుజాన వేసుకుని ముందు నడిచింది ఆయనే. రాయి వాగు గట్టు మీద మొరాయించింది. ఆచారం తప్పకూడదు కదా, నేను దాని ముందు కూర్చుని, "పెద్దమ్మా, వస్తవా?" అని అడిగాను. వెనక నుంచి ఆమే చెప్పింది, "వస్త గని జర ఆగు, మోకాళ్ళు గుంజుతున్నయి." అడిగిన వెంటనే జవాబిచ్చిన చావు నేను చూసింది అదొక్కటే. అప్పుడు రాయి లేచింది. తనంతట తానే లేచి మాకంటే ముందు నడిచిందని ఎన్నో చోట్ల చెప్పాను. నిజానికి పన్నెండుమందిమి మోశాం, నా భుజం మీద కాయ ఇంకా ఉంది. పందిని కోశాం, ఇప్పసారా పోశాం. దరోగా కాపలా పెట్టి వెళ్ళిన జవాను మూడుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

గడువు రోజున దరోగా పది బండ్లతో వచ్చాడు. పెద్దమ్మ తన రాయికి ఆనుకుని చింతకాయలు ఒలుస్తోంది. ఈ ముసలిది ఇంకా కదల్లేదేం అన్నాడు. ఆమె పోయింది సాబ్, ఇది ఆమె రాయి అన్నాను. మాట్లాడుతోంది కదా అన్నాడు. బతికున్నప్పటికంటే తక్కువే సాబ్ అన్నాను. ఆయన జవాను వైపు తిరిగాడు. జవాను బూట్ల వైపు చూసుకుంటూ, విందు తిన్నాను హుజూర్ అన్నాడు. దరోగాకు ఒళ్ళు మండి, లేపి బండెక్కించమని అరిచాడు. బండ్లవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వెట్టికి పట్టుకొచ్చిన గోండులు. వాళ్ళ ఆచారమూ మాదే, రాయి దగ్గర కూర్చున్నదాన్ని లేపడమంటే పోయినవాళ్ళను తరమడమే. పదిమందీ చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"నువ్వే లేపు బిడ్డా," అంది పెద్దమ్మ. "రాళ్ళను ముట్టొద్దని నీ కాయితమే అన్నది గద. నేనూ రాయీ ఒక్కటే ఇప్పుడు."

దరోగా చెయ్యి ముందుకు చాచాడు. ఆ చెయ్యి ఎంతసేపు గాలిలో ఉందో నేను మూడు రకాలుగా చెబుతుంటాను. ఎలా చెప్పినా అది ఆమెను తాకలేదు. పూజారి డోలు దించి, "నాకూ ఒకటి సూడుండ్రి" అంటూ వాగు వైపు నడిచాడు. వెనకే ఇంకొకరు, ఆ వెనక ఇద్దరు. బండ్లు ఖాళీగా తిరిగి వెళ్ళాయి. నెల తిరిగేసరికి అందరి పేరునా రాళ్ళు లేచాయి, ఊరంతా చచ్చిపోయింది. ఇక్కడ మనుషులు లేరు, రాళ్ళున్నాయి అని దరోగా రాసుకున్నాడు. భయంతోనో, సిగ్గుతోనో, మా సారా మహిమతోనో నాకు తెలియదు. మేం మాత్రం విత్తనాలు చల్లుకున్నాం. లేని ఊరికి వెట్టి పిలుపు కూడా రాలేదు.

పెద్దమ్మ ఆ తర్వాత పదకొండు వర్షాకాలాలు చూసింది. నిజంగా పోయిన రోజున పూజారి బుర్ర గోక్కున్నాడు: రాయి ఉంది, విందు ఎప్పుడో అరిగిపోయింది, ఇంక చేయవలసిందేమీ మిగల్లేదు. ఆమె చచ్చాక బతికిన ఆ పదకొండేళ్ళు ఏ చిట్టాలోనూ లేవు. కాగితానికెక్కని కాలాన్ని ఖాళీ చేసి పొమ్మని ఏ హుకుమూ రాలేదు, రాదు.