అది నొప్పి కాదన్నారు

నేను ఏఎన్ఎంని. రావికమతం వైపు ఒక ఊళ్లో సబ్‌సెంటర్‌లో పనిచేస్తాను. ఉండేది చోడవరంలో. ఇరవై రెండేళ్లుగా పిల్లలకి టీకాలు వేస్తున్నాను, గర్భిణులకి బీపీ చూస్తున్నాను, గాయాలకి కట్లు కడుతున్నాను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, మత్తింజెక్షన్ అంటే ఏమిటో నాకు తెలుసు. అది ఎక్కితే ఎలా ఉంటుందో, ఎక్కకపోతే ఎలా ఉంటుందో కూడా తెలుసు. అంత తెలిసీ, నోరు తెరుచుకుని ఆ కుర్చీలో పడుకున్న ముప్పావుగంట సేపు నా మాట ఎవరూ నమ్మలేదు.

కింది దవడలో కుడివైపు చివరి పన్ను. రెండేళ్లుగా సతాయిస్తూనే ఉంది. నొప్పి వచ్చినప్పుడల్లా మాత్ర వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయేదాన్ని. పోయిన చలికాలంలో బుగ్గ వాచి, చీము పట్టి, నోరు వేలెడంత కూడా తెరుచుకోకపోయేసరికి మా ఆయన నన్ను బండి మీద ఎక్కించుకుని మెయిన్ రోడ్డులోని పళ్ల ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మేడ మీద రెండు గదులు. డాక్టరు చిన్నవాడు. ఎక్స్‌రే తీసి, పన్ను వేరుదాకా పుచ్చిపోయింది, ఉంచి లాభం లేదన్నాడు. ఐదు రోజులు మందులు వాడి రమ్మన్నాడు.

ఐదు రోజులయ్యాక వెళ్లాం. నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి మా ఆయన ముందు లోపలికి వెళ్లాడు. రెండు నిమిషాలు మాట్లాడి వచ్చాడు. ఫీజు సంగతేమో అనుకున్నాను.

డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి కాసేపు ఆగాడు.

"పెదవి తిమ్మిరెక్కిందా అమ్మా?"

"పెదవి ఎక్కింది సార్. లోపల ఎక్కలేదు. పన్ను దగ్గర తెలుస్తంది."

"ఏం పర్లేదు. మొదలుపెట్టేద్దాం."

ఇనుప పనిముట్టు చిగుళ్లలోకి దిగగానే నా ఒళ్లంతా కుర్చీలోంచి లేచిపోయింది. చెయ్యెత్తాను. ఆయన ఆపాడు.

"నొప్పి సార్. ఇంకోటి ఇవ్వండి."

"అది నొప్పి కాదమ్మా, ప్రెషర్. పన్ను కదులుతున్నట్టు తెలుస్తుంది, అంతే. కళ్లు మూసుకుని గట్టిగా గాలి పీల్చండి."

"నాకు తెలుస్తంది సార్, అది నొప్పే."

ఆయన పక్కనున్న నర్సు వైపు చూసి నవ్వాడు. "రోజూ ఊళ్లో పిల్లలందరికీ సూదులు గుచ్చేస్తారు. తన దాకా వచ్చేసరికి చూడండి."

ఆ నర్సు కూడా నవ్వింది. నవ్వుతూనే నా తల రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

పన్ను సగంలో విరిగింది. ఫటుక్కుమన్న చప్పుడు నా చెవి లోపల వినిపించింది. వేరు ఎముకలో ఉండిపోయింది. దాన్ని మిషన్‌తో కోసి ముక్కలు చేసి తీశాడు. నేను అరిచాను. ఎన్నిసార్లు అరిచానో తెలియదు. "అరవకండమ్మా, బయట పేషెంట్లు భయపడతారు" అన్నాడు. మధ్యలో ఒకసారి ఆయన చెయ్యి పట్టుకున్నాను. నా చెయ్యి విదిలించుకుని, "ఇలా చేస్తే నేను పని చెయ్యలేను" అని విసుక్కున్నాడు. ఇంకో ఇంజెక్షన్ ఇవ్వడానికి ఒక్క నిమిషం పడుతుంది. ఆ ఒక్క నిమిషం ఆయన ఇవ్వలేదు.

అయిపోయాక దూది కరిచి పట్టుకోమన్నారు. గదిలోంచి బయటికి వచ్చేసరికి నా చీర కుచ్చిళ్లు చెమటకి తడిసిపోయి ఉన్నాయి. మా ఆయన మెట్ల కింద బండి స్టార్ట్ చేసి సిద్ధంగా ఉన్నాడు.

"అయిపోయింది కదా! ఊరికే కంగారు పడిపోయేవు" అన్నాడు.

నోట్లో దూది ఉంది. ఇల్లు చేరేదాకా అతని వీపు చూస్తూ కూర్చున్నాను.

రెండో రోజు కాస్త నయమనిపించింది. చోడి అంబలి, అదే రాగి జావ, చల్లార్చుకుని చెంచాతో తాగాను. మూడో రోజు సాయంత్రం నుంచి అసలు నొప్పి మొదలైంది. దవడలోంచి చెవిలోకి, చెవిలోంచి కణతలోకి లాగుతోంది. నోట్లోంచి నాకే భరించలేని వాసన. మాత్ర వేసుకుంటే గంట కూడా ఆగడం లేదు. ఆసుపత్రికి ఫోన్ చేశాను. ముందు నర్సు, తర్వాత డాక్టరు మాట్లాడారు.

"పన్ను తీశాక వారం పాటు కొంచెం నొప్పి ఉంటుందమ్మా. మీరు మెడికల్ ఫీల్డ్‌లోనే ఉన్నారు కదా. ఇంత సెన్సిటివ్ అయితే ఎలా?"

ఫోన్ పెట్టేశాక మా ఆయన టీవీ సౌండు తగ్గించి అన్నాడు: "పెతిదానికీ ఫోనేటి? ఆ డాక్టరు గోరికి ఏరే పనుండదా?"

నాలుగో రోజూ అలాగే గడిచింది. ఐదో రోజు పొద్దున్న అద్దం ముందు నిలబడి, ఫోన్ టార్చి వేసుకుని నోట్లోకి చూసుకున్నాను. పన్ను తీసిన చోట రక్తం గడ్డకట్టి ఉండాలి. అక్కడ ఏమీ లేదు. ఖాళీ గుంట, దాని అడుగున తెల్లగా ఎముక. నా దవడ ఎముక నాకే కనిపిస్తోంది. దీన్ని సెన్సిటివ్ అన్నాడు ఆయన.

దవడ చుట్టూ తువ్వాలు కట్టుకుని చెప్పులేసుకున్నాను.

"ఎక్కడికే?" అన్నాడు మా ఆయన.

"అనకాపల్లి."

"దేనికి?"

బస్టాండుకి నడిచాను. చెరకు సీజను. బస్సు ముందు ట్రాక్టర్లు, వెనక ట్రాక్టర్లు. గతుకు వచ్చినప్పుడల్లా దవడని రెండు చేతులతో పట్టుకున్నాను. పక్కసీటు ఆవిడ "ఏటైందమ్మా?" అని అడిగితే వేలితో చూపించాను. ఆవిడ తన చేతిసంచి ఒళ్లోకి తీసుకుని నాకు జాగా ఇచ్చింది. ఐదు రోజుల్లో ఎందుకు, ఏమిటి అని వాదించకుండా నా నొప్పిని ఒప్పుకున్న మొదటి మనిషి ఆవిడే.

అనకాపల్లిలో నేను చూపించుకున్న పళ్ల డాక్టరు యాభై దాటిన ఆవిడ. లైటు వేసి ఒక్కసారి చూసింది.

"చెవిలోకి లాగుతోందా?"

"లాగుతంది మేడమ్."

"ఎన్నాళ్లుగా భరిస్తున్నారు దీన్ని?"

నాకు కన్నీళ్లు వచ్చాయి. ఆవిడ ఊరడించబోయింది గానీ అది ఏడుపు కాదు, కోపం. ఆవిడ గుంటని సెలైన్‌తో కడిగి, లవంగ నూనె వాసన వేసే మందులో ముంచిన సన్నటి గాజుగుడ్డని అందులో పెట్టింది. పావుగంట కూడా పట్టలేదు. నొప్పి తగ్గిపోయింది. ఇంత తేలికైన పనికా నన్ను రెండు రాత్రులు గోడకి తల ఆనించి కూర్చోబెట్టారు అనుకునేసరికి ఒళ్లు మండిపోయింది.

"దీన్ని డ్రై సాకెట్ అంటారు. ఎవరికైనా రావచ్చు, మీ తప్పేం లేదు. మళ్లీ ఎల్లుండి రండి" అంది.

మత్తు సంగతి అడిగాను. పీకేటప్పుడు ఎక్కలేదని చెప్పాను, వినలేదన్నాను.

"చీము పట్టిన పన్నుకి ఒక్కోసారి సరిగ్గా ఎక్కదు. మళ్లీ ఇవ్వాలి, లేదా ఆపాలి. ఎక్కలేదని పేషెంటు చెబితే ఎక్కనట్టే" అంది.

చోడవరంలో బస్సు దిగి ఇంటికి వెళ్లలేదు. నేరుగా ఆ మేడ మెట్లెక్కాను. బెంచీల మీద ఐదారుగురు ఉన్నారు. డాక్టరు ఎవరికో మందుల చీటీ ఇస్తూ గుమ్మంలోనే ఉన్నాడు.

"సార్, ఎముక బయటపడింది. అనకాపల్లి వెళ్లి కట్టు వేయించుకుని వచ్చేను. మొన్నే మీకు ఫోన్లో చెప్పేను."

"లోపలికి రండమ్మా, మాట్లాడదాం."

"వద్దు సార్. ఇక్కడే."

ఆయన ముఖం మాడిపోయింది. "స్ట్రాతో ఏమైనా తాగుంటారు. గట్టిగా పుక్కిలించుంటారు. గడ్డ ఊడిపోయుంటుంది" అన్నాడు.

"పోనీ, మత్తెక్కలేదంటే ఎందుకు వినలేదు? రెండు సార్లు చెప్పేను కదా."

అప్పుడాయన గొంతు పెంచాడు. "మీవారే చెప్పారమ్మా! మా ఆవిడకి భయం ఎక్కువ, ఊరికే గోల చేస్తుంది, పట్టించుకోకుండా కానిచ్చెయ్యండి అన్నారు. నేనేం చెయ్యాలి?"

నోటికొచ్చింది అడిగాను.

"పన్నెవరిది సార్? మా ఆయనదా?"

బెంచీ చివర చెంప పట్టుకుని కూర్చున్న ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. "ఏటి బాబూ, నాకూ అలాగే పీకెత్తావేటి?" అని అడిగి, కర్ర తీసుకుని మెట్లు దిగిపోయాడు. "సారీ అమ్మా" అన్నాడు డాక్టరు. అది నాతో అన్నాడో, మిగిలిన వాళ్లు వెళ్లిపోకుండా ఉండాలని అన్నాడో చెప్పలేను.

మా ఆయనకి ఎరువుల కొట్టుంది. అక్కడికి వెళ్లాను. నన్ను చూసి, మొహం చూసి, బేరగాళ్లని పంపించేశాడు.

"డాక్టరుకి నా గురించి ఏం చెప్పేరు?"

దాచలేదు. "నీకు భయం కదా. ఆయన మద్దెలో ఆపేత్తే మళ్లీ నువ్వు రావని సెప్పేను. నీ మంచికే."

"నేను అరిచింది మీకు వినిపించిందా?"

బస్తాల మీద దుమ్ము దులిపాడు.

"ఇనిపించింది. ఇనలేక కిందికి దిగిపోయేను. రోడ్డు మీద టీ తాగేను."

"లోపలికి వచ్చి ఆపమని చెప్పచ్చు కదా."

"డాక్టరు పనిలో నేనెలా ఏలు పెడతాను?"

"ముందు పెట్టేరు కదా."

పెళ్లయి పాతికేళ్లు కావస్తోంది. ఈ మనిషికి జ్వరం వస్తే ఎన్నిసార్లు ఒళ్లు తుడిచానో, అతను "అమ్మా" అని మూలిగితే ఒక్కసారైనా అది మూలుగు కాదన్నానా అని వెతుక్కున్నాను. అనలేదు. ఆ రోజు నుంచి పదకొండు రోజులు అతనితో మాట్లాడలేదు. అతనే అంబలి కాచాడు, ఉండలు కట్టింది. తాగాను, బాగుందనలేదు. అనకాపల్లి కట్టు మార్పించుకోవడానికి మరో మూడుసార్లు వెళ్లాను. "దింపుతాను" అంటే తల అడ్డంగా ఊపి బస్సులోనే వెళ్లాను. పన్నెండో రోజు బండి తుడుస్తూ, నా వైపు తిరగకుండా, "ఆ మాట సెప్పకుండా ఉండాల్సింది" అన్నాడు. నేను విన్నాను. అంతకంటే ఎక్కువ అతని నుంచి రాలేదు, అది చాలని నేనూ అనలేదు.

డ్యూటీలో చేరాక వచ్చిన బుధవారం టీకాలు. ఐదేళ్ల ఆడగుంట ఒకతి తల్లి ఒళ్లో గింజుకుంటూ, "నొప్పెడతాదా?" అని అడిగింది. ఇరవై రెండేళ్లుగా నా నోట్లో అరిగిపోయిన "నొప్పెట్టదమ్మా" అన్న మాట రాలేదు. "పెడతాది. పది లెక్కపెట్టేసరికి తగ్గిపోతాది" అన్నాను. ఆ గుంట ఏడ్చింది, లెక్కపెట్టింది, ఏడులోనే ఆగిపోయింది.

ఆ తల్లి నాకు తెలిసిన మనిషే. ఆమె మొదటి కాన్పప్పుడు నన్ను కొన్నాళ్లు పెద్దాసుపత్రి కాన్పుల గదిలో డ్యూటీకి వేశారు, ఆమె కన్నది అక్కడే. ఆ గదిలో మేము ఎలా మాట్లాడేవాళ్లమో నాకు గుర్తుంది. "ఊరికే అరవకు, నువ్వొక్కదానివే కంటన్నావేటి?" అనేవాళ్లం. కార్డు రాస్తూ, తలెత్తకుండానే అడిగాను.

"అప్పుడు నిన్ను నేనేమైనా అన్నానా అమ్మా?"

ఆమె పిల్ల గౌను సర్దుతూ మామూలుగా చెప్పింది. "అన్నారమ్మా. నొప్పి కాదు, నటనలన్నారు. తొడ మీద ఒకటి సరిచేరు కూడా."

చరిచిన సంగతి నాకు గుర్తు లేదు. ఎంత వెతికినా దొరకలేదు. నేను అలాంటిదాన్ని కాదని చెప్పాలనిపించింది.

"తప్పు చేసేను" అన్నాను.

"ఎప్పటిదో కదమ్మా" అని, జ్వరం మందు తీసుకుని, పిల్లని చంకనేసుకుని వెళ్లిపోయింది. ఆ కాన్పులో పుట్టిన పెద్దపిల్లకి ఇప్పుడు పన్నెండేళ్లు.