అన్న వచ్చే చరణం

చిన్నప్పటి నుంచి నాకు ఒక పాట ఇష్టం. అది మా అమ్మ పాట. ఇళ్ళకు స్లాబు వేసే రోజున ఆడవాళ్ళు మెట్ల మీద వరుసగా నిలబడి, కాంక్రీటు మాలు నింపిన తట్టలను చేతి నుంచి చేతికి అందిస్తూ పాడే పాట. అమ్మ ముందు పాడుతుంది, మిగతావాళ్ళు చివరి మాట అందుకుంటారు. బడి లేని రోజుల్లో ఇసుక కుప్ప మీద కూర్చుని మొత్తం నేర్చుకున్నాను.

సివిల్ డిప్లొమా చదివేటప్పుడు దాన్ని నోటుబుక్కులోకి ఎక్కించాను. ఒక్కో చరణానికి నంబరు, ఎదురుగా అర్థం. ఒకటి, పిల్ల పుట్టింట్లో ఆడుకోవడం. రెండు, రేగోడు నుంచి పెళ్ళివారు రావడం. మూడు, అత్తగారింటికి బయలుదేరడం. నాలుగు, అక్కడి చాకిరీ. ఐదు, చెల్లెలిని చూడటానికి అన్న రావడం. ఆ ఐదోదే నాకు అన్నిటికన్నా ఇష్టం:

ఏడు పాయలు దాటి ఎట్లొస్తివన్నా,
ఎండల నిలుసుంటి, జర కూసోవన్నా.

దీని కింద అర పేజీ రాశాను. ఎండలో నిలబడింది తను. కూర్చోమంటున్నది అన్నను. తన అలసట తను చెప్పుకోదు. అర్థం పట్టుకున్నానని ఆ రోజు చాలా సంతోషపడ్డాను.

నచ్చనిది ఒకటే. వీళ్ళు చరణాలను వరుసలో పాడరు. పిల్లకు పెళ్ళి కాకముందే అత్తగారింటికి అన్న వచ్చేస్తాడు. ఒకే స్లాబుకు నాలుగైదుసార్లు వస్తాడు. చదువు లేక వరుస మరిచిపోయారనుకున్నాను. ఎర్ర పెన్నుతో 'క్రమం సరిచేయాలి' అని రాసి పెట్టుకున్నాను.

పోయిన ఎండాకాలం మా ఊరి ఖిల్లా కింది గల్లీలో ఒక ఇంటి పనికి నన్ను సూపర్‌వైజర్‌గా పెట్టారు. నా బాధ్యత మీద వేస్తున్న మొదటి స్లాబు. ఆ గల్లీలోకి మాలు పైకెత్తే లిఫ్టు మిషను రాదు. అందుకని మేస్త్రీ మా అమ్మ జట్టును పిలిచాడు. పద్నాలుగు మంది. వాళ్ళలో అందరూ పెద్దమ్మ అని పిలిచే ఒక ముసలామె ఉంది. అమ్మకు తట్ట పట్టడం నేర్పింది ఆమే. ఇప్పుడు ఆమె భుజం సరిగా లేవడం లేదు. ఈ పని పోతే ఈ వయసులో ఇంకో పని దొరకదు.

పొద్దున్నే మేస్త్రీ అమ్మతో అన్నాడు: "అక్కా, ఇయ్యాల గిన పెద్దమ్మ కాడ తట్ట ఆగిందంటే, రేపటి సంది ఆమెను తోల్కరాకుండ్రి."

"ఆగది" అంది అమ్మ.

మేస్త్రీ మాట తప్పు కాదు. స్లాబు మధ్యలో ఆగితే ముందు పోసిన మాలు గట్టిపడి తర్వాతి దానితో కలవదు. అక్కడ అతుకు పడుతుంది, వానాకాలం నీళ్ళు దిగుతాయి.

నేను మాత్రం ఇంకో పని పెట్టుకున్నాను. పాటను ఫోన్‌లో రికార్డు చేయాలి, ఈసారైనా వరుసలో. అమ్మకు నోటుబుక్కు చదివి వినిపించాను.

"గిదేందిరా, నా పాట మీద నాకే పరీచ్ఛ వెడ్తున్నవా?"

"ఒక్కసారే అమ్మా. ఒకటి నుంచి ఐదు దాకా."

"మంచిది, ఇంజనీరు సారూ. సూస్త."

జట్టంతా నవ్వింది.

మిక్సర్ తిరిగింది. ఒకటో చరణం వరుసలోనే వచ్చింది. రెండోది ఎత్తుకుంది. తట్టలు పరుగు తీస్తున్నాయి. మెట్ల మలుపు దగ్గర తట్ట అందించబోతే పెద్దమ్మ భుజం పూర్తిగా లేవలేదట. నేను చూడలేదు, ఫోన్ చూస్తున్నాను. అమ్మ చూసింది. పెళ్ళివారిని సగం దారిలో వదిలేసి ఐదో చరణంలోని అన్నను పిలిచింది.

"అమ్మా, తప్పు! పిల్ల ఇంకా అత్తగారింటికి పోనేలేదు!" అని అరిచాను.

"జర నోరు మూస్కో కొడుకా, అన్నొస్తుండు!" అని అదే రాగంలో అంది.

అప్పుడు తలెత్తి చూశాను. 'కూసోవన్నా' దగ్గర గొంతు సాగుతుంది. అది సాగినంతసేపు తట్ట ఎవరి చేతిలోది వాళ్ళ చేతిలోనే ఉంటుంది. పద్నాలుగు మందీ ఒకేసారి నెమ్మదించారు. పెద్దమ్మకు పైమెట్టు ఆమె, కిందిమెట్టు ఆమె చెరో అడుగు దగ్గరికి జరిగారు. ఆమె చేయి చాచే దూరం తగ్గింది. వరుస ఎక్కడా తెగలేదు, నెమ్మదిగానైనా పైకి మాలు వెళ్తూనే ఉంది. పెద్దమ్మ వైపు ఎవరూ చూడలేదు. ఆమె ఊపిరి కుదుటపడ్డాక పెళ్ళివారు మళ్ళీ బయలుదేరారు.

ఆ రోజు అన్న ఆరుసార్లు వచ్చాడు. లెక్కపెట్టాను. అందులో రెండుసార్లు పెద్దమ్మ కోసం కాదు, అలిసిన ఇంకెవరి కోసమో.

చివరి తట్ట పైకి చేరాక మేస్త్రీ కిందికి దిగి, తువ్వాలతో మెడ తుడుచుకుంటూ, "రేపు ఇంకో ఇల్లుంది, అందరు రాండ్రి. పెద్దమ్మా, నువ్వు గూడ" అన్నాడు.

చేతులు కడుక్కుంటున్న అమ్మను అడిగాను: "మెల్లగా పోదాం అని ఒక మాట చెప్తే సరిపోయేది కదా?"

"చెప్తే మేస్త్రీ ఇంటడు. ఆమె గూడ ఇంటది. అలిసినోళ్ళకు అలిసినవని చెప్తరారా? పాట ఎయ్యాలె. నాకు నేర్పింది ఆమెనే. నువ్వు కడుపుల ఉన్నప్పుడు ఆమెనే ముందు పాడేది. నాకోసం అన్నను ఎన్నిసార్లు వట్కొచ్చిందో ఆమెనే అడుగు."

అడగలేదు. దూరంగా గోడ నీడలో కూర్చుని పెద్దమ్మ చాయ్ తాగుతోంది.

మూడు వారాలకు స్లాబు కింద ఆధారంగా పెట్టిన సెంట్రింగ్ చెక్కలు విప్పించాను. టార్చి పట్టుకుని స్లాబు కింద ఈ మూల నుంచి ఆ మూల దాకా వెతికాను. ఒక్క అతుకు లేదు. నా చేతి కింద ఎన్ని ఇళ్ళు లేచినా మొదటిది మా అమ్మ జట్టు చేతుల మీదుగా లేచిందని చెప్పుకుంటాను.

నోటుబుక్కులో నంబర్లు, ఎర్ర పెన్ను మాట కొట్టేశాను. ఐదో చరణం కింది అర పేజీ అలాగే ఉంచాను. అందులో తప్పేమీ లేదు. పాటలోని పిల్ల గురించే అనుకుని రాశాను, అంతే.

రికార్డింగులో నా అరుపు కూడా పడింది. అమ్మ దాన్ని జట్టంతటికీ వినిపించింది. ఇప్పుడు నేను ఏ సైటుకు వెళ్ళినా, అన్న చరణం రాగానే మెట్ల మీది నుంచి కేక వస్తుంది: "సారూ, పిల్ల ఇంక పోనేలేదు!" అందరికన్నా గట్టిగా పెద్దమ్మ గొంతు.